టాంకు మూత

భీములవారిపాళెం రేవులో తాడు ఒక్క లాగుడికే అందుకుంది.
ఇరకం దీవికి పదకొండు మంది, రెండు గ్యాసు సిలిండర్లు,
బడిపిల్లల గుడ్ల అట్టలు, నాగూరమ్మ నూనె డబ్బా.
బీడీ తీశాను గానీ వెలిగించలేదు,
పెట్రోలు దగ్గర ఎప్పుడూ వెలిగించను.
ఆ మాత్రం తెలివుందని ఇప్పుడే చెప్పుకోవాలి,
ముందుముందు ఇందులో
నా తెలివి గురించి చెప్పేదేం లేదు.

సగం పులికాటు దాటాక
మోటారు గొంతు మారింది.
ఆగిపోదు. ఆగిపోతే అదొక తీరు.
పిడి ఎంత తిప్పినా ముక్కుతా, ఈడుస్తా,
ఇష్టం లేని పనికి పంపిన పిల్లోడిలా
కాళ్ళు రాసుకుంటా నడుస్తుంది.
ఆపి, మూత విప్పి, పెట్రోలెంతుందో చూసి
మళ్ళీ బిగిస్తే కాసేపు బాగుంటుంది.
ఎర్రగుడ్డ కట్టిన రెండో గెడ దగ్గరకొచ్చేసరికి
మళ్ళీ అదే.
నాలుగు రోజులుగా ఇదే వరస.

కోపం ముందు తడ పెట్రోలు బంకు మీదికి పోయింది.
నీళ్ళు కలిపుంటాడు.
సీసాలో పట్టి ఎండకెత్తి చూశాను.
తేటగా ఉంది, వాడి మొహంలాగే.

తర్వాత సూళ్ళూరుపేట ఖలీలు.
పోయిన నెల కార్బరేటరు విప్పి, మళ్ళీ బిగించి,
మిగిలిన స్క్రూ ఒకటి జేబులో వేసుకున్నాడు.
నేను చూశాను.

ప్లగ్గు ఊడదీశా, గీకా, తువాలుతో తుడిచా.
అది బాగానే నిప్పు కక్కుతోంది.
ఫంకాకి నాచు చుట్టుకుందేమోనని దిగా,
నడుం దాకా నీళ్ళు, మోకాలి దాకా బురద.
ఒక చీర పీలిక, వల పోగులు రెండు.
తీసి పారేసి, ఎక్కి, తాడు లాగా.
మళ్ళీ అదే ముక్కుడు.

సిలిండరు మీద కూచున్న కుర్రోడు
తూర్పు వైపు చెయ్యి చూపించి నవ్వాడు,
అక్కడ రాకెట్టు నిలబెట్టే టవరు.
నేను అటు చూళ్ళేదు.

ఇక తిట్టడానికి మిగిలింది సరస్సు.
ముఖం పూడిపోయిందన్నా, లోతు చచ్చిందన్నా,
దీని ఉప్పు ఇనుముని కూడా తినేస్తుందన్నా.
హెప్సిబా టీచరు గడియారం చూసుకుని
నన్ను చూడకుండా నీళ్ళ వైపు చూసింది.
దానికంటే ఒక తిట్టు తేలిక.

నాగూరమ్మ వక్క కొరుకుతా అడిగింది:
"అబ్బయ్యా, ఆ రబ్బరు బుడ్డి ఎందుకట్టా చప్పిడైపోయిండాది?"

గొట్టం మధ్యలో ఉబ్బి ఉండాల్సిన బుడ్డి
పళ్ళూడిన దవడలా లోపలికి పీక్కుపోయి ఉంది.

"నా నూనె డబ్బాకి ఒక్క బొక్కే పొడిస్తే
గుటక గుటకగా పడి ఆగిపోద్ది.
ఎదురుగా ఇంకోటి పొడిస్తేనే ధార.
నీ టాంకుకి రెండోది యాడ?"

రెండోది మూత మీదే ఉంటుంది.
ఆవగింజంత.
ఉండాల్సిన చోట పచ్చ సబ్బు ముక్క,
ఎండి, గట్టిపడి,
నా బొటనవేలి ముద్రతో సహా.

ఆదివారం రాత్రి వాన.
టాంకులోకి చుక్క కూడా పోకూడదని
టార్చి నోట కరుచుకుని, తడుస్తా,
నేనే అదిమిపెట్టా.
ఇంటికి పోయి చెప్పుకున్నా కూడా.
మా సుగుణ మెచ్చుకుంది.

అందరికీ వీపు తిప్పి, గోటితో గీకా.
ఎవరికీ తెలియకపోయేదే,
టాంకు ఊరుకోలేదు.
ఉస్సుమని, పొడుగ్గా,
పదకొండు మందికీ వినపడేట్టు
ఊపిరి లోపలికి లాక్కుంది.
బుడ్డి మెల్లగా ఉబ్బింది.

ఇరకంలో దిగేటప్పుడు నాగూరమ్మ
ఇరవై రూపాయలు నా చేతిలో పెట్టి,
ఆగి,
పది వెనక్కి తీసుకుంది.
"బొక్క కనిపెట్టిన కూలి," అంది.

తిరుగు ప్రయాణంలో ఒక్కణ్ణే.
సరస్సుకి ఏదో ఒక మాట చెప్పాలనుకున్నా,
చెప్పా కూడా,
మోటారు హోరులో అది నాకే వినపళ్ళేదు.
ఖలీలుకి మాత్రం ఏం చెప్పలేదు.
ఆ స్క్రూ సంగతి ఇంకా తేలాలి.